జులీఖా, రెండు ఫ్వాలు

అల్జీరియాలోని ఖసంతీనా ఊళ్ళో పాత వంతెన దిగగానే వచ్చే మాంసం బజారులో లఖ్దర్ దుకాణం తెలియనివాళ్ళు లేరు. తలకాయలు, కాళ్ళు, బోటీ, కార్జం. పరువు గల కసాయివాళ్ళు గొర్రెలో వద్దని పక్కన పెట్టేవన్నీ అక్కడికి చేరతాయి. తలకాయలు కాల్చేది లఖ్దర్, బోటీ కడిగేది అతని భార్య జులీఖా. ముప్పై ఏళ్ళు కడిగింది. రంజాన్ నెలలో ఊళ్ళో సగం మంది తిన్న బోటీ ఆమె చేతుల మీదుగా వెళ్ళిందే. యాభై ఒకటో ఏట ఆ చేతులనే సబ్బుతో నాలుగుసార్లు తోముకుని, అత్తరు రాసుకుని, విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం రెండో సంవత్సరం తరగతిలో కూర్చునేది. అక్కడ సామాన్య శరీరధర్మశాస్త్రం అనే పాఠం ఒకటుంది. ఆ పాఠం ఆమెని రెండేళ్ళు వరసగా తన్నింది. మూడో తన్ను తింటే పేరు కొట్టేస్తామని గోడ మీద కాగితం అంటించారు.

ఈ చదువు పిచ్చి ఎలా పట్టిందో బజారంతా ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటారు. నిజానికి పట్టింది బక్రీదు నాడు. ఇంటి ముంగిట్లో గొర్రెను కోశారు. గుండె తీసి పళ్ళెంలో పెట్టారు. జులీఖా దాన్ని కడగబోతే చేతిలో అది టకటకమని రెండుసార్లు కదిలింది.

"ఏమయ్యా, ఇదింకా కొట్టుకుంటోంది. గొర్రె పోయింది కదా, ఎవరికోసం కొట్టుకుంటోంది?"

"నీకోసమేలే. కడుగు ముందు" అన్నాడు లఖ్దర్.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ ప్రశ్న లోపల ముల్లులా ఉండిపోయింది. గొర్రెలో ఏది ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పిత్తాశయం చిట్లకుండా కార్జం నుంచి వేరుచేయడంలో ఆమెను మించినవాళ్ళు బజారులో లేరు, చిట్లితే కార్జమంతా చేదెక్కి కుక్క కూడా ముట్టదు మరి. అయితే ఆ చేదు నీళ్ళు గొర్రె బతికున్నప్పుడు ఏం పని చేసేవి? బోటీ లోపల ఆ తువ్వాలు లాంటి నూగు దేనికి? ఇన్నేళ్ళుగా చచ్చినవాళ్ళ ఇంట్లో సామాను తుడుస్తున్నట్టుందే గాని ఆ సామానుతో వాళ్ళెలా కాపురం చేశారో తెలియదే అని ఆమెకు దిగులు పట్టుకుంది. పదమూడో ఏట బడి మానిపించినవాళ్ళ మీద కోపం కూడా అప్పుడే వచ్చింది, ముప్పై ఏళ్ళు ఆలస్యంగా. కూతురి పాత పుస్తకాలు అటక మీంచి దించింది. బడి చదువు చివర రాసే బాక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టి, రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కింది. వీధి ఆడవాళ్ళు సంతోషంతో నాలుకలు ఆడించి యూయూలు పెట్టారు. లఖ్దర్ బజారంతా మిఠాయి పంచి, ఇంటికొచ్చి, "సరే, సరదా తీరింది కదా, బోటీ నానుతోంది" అన్నాడు.

సరదా తీరలేదు. విశ్వవిద్యాలయంలో చేరాక అసలు కష్టం మొదలైంది. ఫ్రెంచివాడు అల్జీరియా వదిలి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయినా, సైన్సు పాఠాల్లో మాత్రం ఇప్పటికీ అద్దె కట్టకుండా కాపురముంటున్నాడు. బడిలో పాఠం అరబ్బీలో, విశ్వవిద్యాలయంలో అదే పాఠం ఫ్రెంచిలో. పిల్లలు ఎలాగో ఈదుతారు. జులీఖాకు వచ్చిన ఫ్రెంచి అంతా బేరగాళ్ళ దగ్గర నేర్చింది. కిలో, అరకిలో, బాగుంది, బాగాలేదు, రేపు రండి. అంతే.

శరీరధర్మశాస్త్రం చెప్పేది డాక్టర్ జెర్రూక్. పసుపు పచ్చబడిన కాగితాల కట్ట తెచ్చి, ముక్కుతో చదివేవాడు. పిల్లలు రాసుకోవాలి. ఆయన ఆగడు, తల ఎత్తడు. ఎత్తితే ఎవరైనా ప్రశ్న అడుగుతారేమోనని ఆయన భయం కాబోలు. గుండె గురించి మొదటి పాఠంలో జులీఖా శ్రద్ధగా రాసుకుంది: "గుండె నిమిషానికి డెబ్బై కార్జాలు కొట్టుకొనును."

తప్పు ఆమెది కాదు, ఫ్రెంచివాడిది. వాడి భాషలో కార్జాన్ని 'ఫ్వా' అంటారు. 'సారి' అన్నా ఫ్వాయే. ఒకసారి, రెండుసార్లు, డెబ్బైసార్లు, అన్నీ ఫ్వాలే. రాసేటప్పుడు అక్షరం తేడా ఉంటుంది గాని నోటితో పలికితే ఏ తేడా లేదు. ముప్పై ఏళ్ళుగా పొద్దున లేస్తే కార్జం ముఖమే చూసే మనిషి చెవికి ఫ్వా అంటే ఏం వినబడుతుంది? కార్జమే వినబడుతుంది. పైగా ఈ ఊళ్ళో కార్జమంటే మాటలు కాదు. మనకు తీపి కడుపులో ఉంటే వీళ్ళకు కార్జంలో ఉంటుంది. బిడ్డను ముద్దు చేసే తల్లి "నా కార్జమా" అంటుంది. అలాంటిది గుండె కార్జాలతో కొట్టుకుంటుందంటే ఆమెకు వింతగా తోచలేదు. పైగా బాగుందనిపించింది. పరీక్షలో అలాగే రాసింది.

డాక్టర్ జెర్రూక్ ఆ జవాబును తరగతిలో పైకి చదివాడు. రెండు వందల మంది నవ్వారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "మదామ్, ఈ లెక్కన రోజుకు లక్ష కార్జాలవుతాయి. మీ దుకాణంలో దొరుకుతాయా?" అన్నాడు.

జులీఖా తల వంచుకుని పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి కూర్చుంది. బస్సులో కిటికీ వైపు తిరిగి, వంతెన దాటేదాకా ఏడ్చింది. వంతెన దాటాక కళ్ళు తుడుచుకుంది. ఎందుకంటే అవతల బజారు, అక్కడ అందరూ తెలిసినవాళ్ళే. ఆ ఏడు ఇరవైకి ఆరు వచ్చాయి. పాసవడానికి పది కావాలి. రెండో ఏడు ప్రశ్నలో ఫ్వా కనబడగానే అక్షరం తేడా చూసుకోకుండా కార్జం గురించి రెండు పేజీలు రాసింది. వాళ్ళడిగింది గొర్రె నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందని. ఏడున్నర వచ్చాయి.

ఆ అర మార్కు ఎందుకిచ్చాడో జెర్రూక్‌కే తెలియాలి.

మూడో ఏడు దేవుడు నర్జిస్‌ని పంపాడు. అదే తరగతిలో చేరిన నర్జిస్‌కి పందొమ్మిదేళ్ళు, ఫ్రెంచి నీళ్ళలా తాగేస్తుంది, రక్తం చూస్తే మాత్రం నేల మీద ఉంటుంది. కప్ప గుండెను ఉప్పునీళ్ళలో పెట్టి చూసే ప్రయోగం రోజున కప్ప కంటే ముందు నర్జిస్ వెల్లకిలా పడింది. జులీఖా ఒక చేత్తో పిల్ల తల, ఇంకో చేత్తో కప్ప కాలు పట్టుకుని ప్రయోగం పూర్తి చేసింది. పిల్లకు తెలివొచ్చాక ఒప్పందం కుదిరింది. నర్జిస్ భాష చెప్పాలి, జులీఖా రక్తం చూడ్డం నేర్పాలి.

మధ్యాహ్నాలు దుకాణం వెనక చదువు నడిచేది.

"పిన్నీ, ఇది బాగా గుర్తుపెట్టుకో. ఫ్వాకి ముందు లెక్క వస్తే 'సార్లు'. లెక్క లేకపోతే కార్జం. అంతే సూత్రం."

"లెక్క వస్తే సార్లు. లెక్క రాకపోతే కార్జం."

"డెబ్బై ఫ్వా?"

"డెబ్బైసార్లు."

"ఫ్వాలో పిత్తం తయారవుతుంది?"

"కార్జం. అది నాకు తెలీదంటే మా మామగారి ఆత్మ క్షోభిస్తుందే!"

తలకాయ కాలుస్తున్న లఖ్దర్ మంట ఆపి ఇటు తిరిగేవాడు. "ఏమ్మా నర్జిస్, మీ పిన్ని డాక్టరయ్యాక బోటీకి సూదిమందు వేసి కడుగుతుందా?"

"నువ్వు నీ తలకాయ చూసుకో" అనేది జులీఖా.

"చూసుకుంటూనే ఉన్నా. నాది తప్ప ఇక్కడన్నీ కాలాయి" అనేవాడతను.

ఒకరోజు నర్జిస్ నీళ్ళు పల్చని చోటు నుంచి చిక్కని చోటుకు పొర గుండా ఎలా పోతాయో చెప్పడానికి బొమ్మలు వేసి, బాణాలు గీసి, చెమటలు కక్కింది. జులీఖా అంతా విని, "అంటే ఉప్పు రాస్తే మాంసం నీళ్ళు కక్కుతుందని కదూ? మా అత్త ఎండుమాంసానికి చేసిందదే. ఇంతోటిదానికి అంత పొడుగు పేరెందుకు పెట్టారే?" అంది. నర్జిస్ కాసేపు తన బాణాల వంక చూసి, కాగితం మడిచేసింది. ఆ పిల్ల అప్పటికి కార్జం ముక్క చేత్తో పట్టుకునేంత ధైర్యం తెచ్చుకుంది, కళ్ళు మూసుకునే అనుకోండి.

వేసవిలో అసలు పరీక్ష రోజున దుకాణంలో గిరాకీ ఎక్కువై జులీఖా బస్సు తప్పిపోయింది. ఇక మిగిలింది సెప్టెంబరులో జరిగే మలి పరీక్ష ఒక్కటే. అది తప్పితే చదువు సమాప్తం. బస్సు తప్పింది తన మూలానేనని లఖ్దర్‌కి తెలుసు. తెలిసినందువల్లే కాబోలు, పైకి ఇంకా గట్టిగా వెక్కిరించాడు. ఆమె పాత రబ్బరు ఆప్రాన్‌ని కడిగి మేకుకు తగిలించి, "ఫలితాలొచ్చిన ఆదివారం నుంచి మళ్ళీ పూర్తి కాలం పనే" అని పక్క దుకాణాలవాళ్ళకు చాటింపు వేశాడు. జులీఖా ఆ ఆప్రాన్‌ని చూసి, బోటీ కడగడానికి పోయింది. ఆమె మాట్లాడకుండా ఉంటే అతనికి భయం. ఆ పూట ఒక తలకాయను బొగ్గయ్యేదాకా కాల్చాడు.

మలి పరీక్షకు వచ్చినవాళ్ళు పదకొండు మందే. అంత కొద్దిమందికి ప్రశ్నపత్రం ఎందుకని డాక్టర్ జెర్రూక్ నోటి పరీక్ష పెట్టాడు. ఒక్కొక్కర్నీ ప్రయోగశాలలోకి పిలుస్తున్నాడు. నర్జిస్ పరీక్ష పాసైపోయినా తోడు వచ్చి, తలుపు సందులోంచి తొంగి చూస్తూ నిలబడింది.

జులీఖా లోపలికి వెళ్ళింది. బల్ల మీద తెల్లటి పళ్ళెం, అందులో తాజా గొర్రె కార్జం. కాస్త అవతల ఒక గాజు జాడీ, మందునీళ్ళలో ఏదో బూడిదరంగు ముద్ద. కుర్చీకి ఒక ప్లాస్టిక్ సంచీ వేలాడుతోంది, దాంట్లోంచి కొత్తిమీర కట్ట, వెల్లుల్లి తొంగిచూస్తున్నాయి. సంచీ చూడగానే సంగతి ఆమెకు అర్థమైంది. పరీక్ష అయ్యాక ఈ కార్జం సారుగారి మధ్యాహ్నం భోజనం. పదకొండు మందిని పరీక్షించాక జీలకర్ర, వెల్లుల్లి వేసి వేయించుకుంటాడన్నమాట. దండగ చేయని మనిషి అని ఆమెకు మొట్టమొదటిసారి ఆయన మీద గౌరవం కలిగింది.

"మదామ్, గమనించి చెప్పండి. రెండు ఫ్వా" అన్నాడు జెర్రూక్.

లెక్క వచ్చింది! ఫ్వాకి ముందు రెండు వచ్చింది. లెక్క వస్తే సార్లు. రెండుసార్లు గమనించమంటున్నాడు. జులీఖా గుండె గంతులు వేసింది, ఎన్ని ఫ్వాలో లెక్కపెట్టలేదు.

ఆమె కార్జాన్ని ఒకసారి చూసింది. రంగు బాగుంది, అంచులు పదునుగా ఉన్నాయి, పైన మచ్చ లేదు. కోసిన తీరు చూస్తే తమ దుకాణానిది కాదు. రోడ్డు పక్క బండిలో కొన్నట్టుంది.

"చూశాను సార్. ఒక ఫ్వా అయింది."

"ఒకటి కాదు మదామ్. రెండు ఫ్వా అన్నాను."

"చిత్తం సార్. రెండోది ఇదిగో."

రెండోసారి కళ్ళతో చూడలేదు. బజారులో చూసినట్టు చేతులతో చూసింది. కార్జాన్ని తిరగేసి, పిత్తనాళం వెంట బొటనవేలు నడిపించింది. మెత్తగా ఉండాల్సిన నాళం గట్టిగా, తాడులా తగిలింది. వేలు ఆగింది. మెల్లగా నొక్కింది. నాళం కోసిన చోటు నుంచి వేపాకంత జలగ ఒకటి జారి పళ్ళెంలో పడి, నెమ్మదిగా ముడుచుకుంది. దాని వెనకే ఇంకోటి.

డాక్టర్ జెర్రూక్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయనా జలగల గురించి పసుపుపచ్చ కాగితాల్లో చదివినవాడే. కాగితాల్లో అవి కదలవు.

"కార్జపు జలగలు సార్. ఇది ఇంటికి పట్టుకెళ్ళకండి. కొత్తిమీర వేరే దానికి వాడుకోండి."

తలుపు సందులో నర్జిస్ నోరు మూసుకుంది. జెర్రూక్ సంచీ వైపు చూసి, మళ్ళీ జలగల వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "అదలా ఉంచండి. దీనివల్ల జంతువులో... జరిగే మార్పులేమిటి?"

జులీఖా ఫ్రెంచిలో మొదలుపెట్టింది. రెండు మాటలు వచ్చాయి, మూడోది రాలేదు. అయిపోయింది, ఇక ఆదివారం నుంచి ఆప్రానే అనుకుంది.

జెర్రూక్ చూపు పళ్ళెం మీదే ఉంది. జలగ ఇంకా ముడుచుకుంటోంది. "ఏ భాషలోనైనా సరే చెప్పండి మదామ్, త్వరగా చెప్పండి" అన్నాడు.

ఆమె బజారు భాషలో చెప్పింది. "కార్జంలో చేదు నీళ్ళు ఊరతాయి కదా సార్. అవి ఈ దారిలో పేగులోకి పోవాలి. కొవ్వును కరిగించేది అవే, జిడ్డు గిన్నెకి సబ్బు ఎలాగో అలాగ. ఈ దొంగలు దారికి అడ్డం పడుకున్నారు. దాంతో కొవ్వు అరగదు, గొర్రె ఎంత మేసినా చిక్కిపోతుంది. కళ్ళు పచ్చబడతాయి. పైగా ఇవి రక్తం తాగుతాయి. రక్తంలో సత్తువ పోతుంది, పల్చబడుతుంది. పల్చబడితే..."

అక్కడ ఆగిపోయింది. ఆమెకేదో తట్టింది. జెర్రూక్‌నీ, పరీక్షనీ, పదో మార్కునీ అన్నిటినీ ఆమె ఆ క్షణాన మరిచిపోయింది.

"పల్చబడితే నీళ్ళు రక్తంలో నిలవవు కదా సార్! చిక్కదనం ఉంటేనే కదా నీళ్ళను పట్టి ఉంచేది? బయటికి కారిపోతాయి. గొర్రె తల దించుకుని మేస్తుంది కాబట్టి కారిన నీళ్ళన్నీ దవడ కిందకి చేరతాయి. అమ్మో! ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా సార్. కొన్ని తలకాయలకి దవడ కింద నీళ్ళ సంచీ ఉంటుంది. మా ఆయన తిట్టుకుంటూ పక్కన పడేస్తాడు. అలాంటి గొర్రె కార్జం ఎప్పుడూ బాగుండదు. ఎందుకో మాకు తెలీలేదు. ఇందుకన్నమాట! ఇందుకన్నమాట!"

జెర్రూక్ కళ్ళద్దాలు తీశాడు. తుడవలేదు, చేత్తో పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ కాగితాలు చదువుతున్నాడు. తాను చదివిన దాన్ని ఎవరైనా తన కళ్ళ ముందు అర్థం చేసుకోవడం ఆయన చూడటం అదే మొదలు.

మళ్ళీ పెట్టుకుని జాడీ వైపు వేలు చూపించాడు. "మరి ఆ రెండో ఫ్వా సంగతి?"

"రెండో ఫ్వాలోనే కదా సార్ ఇదంతా కనబడింది!"

"రెండు కార్జాలు మదామ్. కార్జాలు! జాడీలో ఉన్నది కార్జం. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది, రెంటినీ పోల్చి చెప్పమన్నాను."

జులీఖా జాడీ దగ్గరికెళ్ళి వంగి చూసింది. "ఇది కార్జమా? పాపం, నేను గచ్చు తుడిచే స్పాంజి అనుకున్నా" అంది. మరుక్షణం సంగతి అర్థమై గోడను పట్టుకుంది. మూడో ఏడు కూడా ఫ్వా తన్నేసింది. తలుపు బయట నర్జిస్ తల కొట్టుకుంటోంది, సూత్రం దానిదే మరి.

ఫలితాలు గురువారం తలుపులు మూసే వేళ గోడ మీద పెట్టారు. జులీఖా వెళ్ళలేదు. శుక్ర, శనివారాలు అక్కడ సెలవు. ఆదివారం పొద్దున్నే దుకాణానికి వచ్చి, మేకు మీది ఆప్రాన్ తీసి తొడుక్కుంది. లఖ్దర్ ఏదో ఎకసెక్కం అందామని నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మూసేశాడు. అంతలో బజారు ఆ చివర నుంచి యూయూలు మొదలయ్యాయి. నర్జిస్ పరిగెత్తుకొస్తోంది, చేతిలో గోడ మీంచి చింపుకొచ్చిన కాగితం.

"పిన్నీ! పది! మొదటి కార్జానికి పదికి పది ఇచ్చాడు, రెండోదానికి సున్నా. మొత్తం పది! పాస్ పిన్నీ, పాస్!"

"నా కార్జమా!" అంటూ జులీఖా తడి ఆప్రాన్‌తోనే పిల్లను వాటేసుకుంది. ఆప్రాన్ నిండా రక్తం. నర్జిస్ చూసింది గాని ఈసారి పడలేదు.

"ఇరవైకి పదా? సగం గొర్రేగా" అన్నాడు లఖ్దర్. కానీ గొంతులో వెక్కిరింత ఎంత వెతికినా దొరకలేదు. చప్పున వెనక్కి తిరిగి తలకాయల గుట్టలో ఏదో వెతుక్కున్నాడు. కాసేపటికి ఒక తలకాయ తీశాడు. దాని దవడ కింద నీళ్ళ సంచీ వేలాడుతోంది. మామూలుగా అయితే తిట్టి పక్కన పడేసేవాడే. ఇవాళ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వైపు చూడకుండా, తలకాయనే అడుగుతున్నట్టు అడిగాడు.

"ఏమే, ఇందులోకి నీళ్ళెందుకొస్తాయి?"

ముప్పై ఏళ్ళలో అతను ఆమెను గొర్రె గురించి ఏదైనా అడగడం అదే మొదలు. జులీఖా చేతులు తుడుచుకుంది. కార్జం నుంచి మొదలుపెట్టి జలగలు, చేదు నీళ్ళు, పల్చబడిన రక్తం, దవడ దాకా చెప్పుకొచ్చింది. మంట గొట్టం ఊరికే గాలిని కాలుస్తోంది. బేరానికి వచ్చిన పెద్దమనిషి రెండుసార్లు దగ్గి, "ఏమయ్యా లఖ్దర్, నాలుగు కాళ్ళు ఇస్తావా ఇవ్వవా?" అన్నాడు.

"ఆగవయ్యా, పాఠం జరుగుతోంది" అని కసిరి, లఖ్దర్ మంట ఆపేశాడు. తలకాయను బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, ఎదురుగా డబ్బా వేసుకుని కూర్చున్నాడు.

"నాకు సరిగ్గా ఎక్కలేదు గాని, ఇంకో ఫ్వా చెప్పు."

ఫ్వా అంటే సారి అనా, కార్జం అనా అని జులీఖా అడగలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.